పుచ్చతొక్కల సంచితో బూరీ దాకా

"రావద్దు" అన్నాడు మా ఆయన. ఆ మాట విన్నాకే వెళ్ళి తీరాలని అనుకున్నాను.

గురువారం సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే ఫోనులో వాయిస్ వచ్చింది. "రత్నం, రేపు రాకే. ఎడ్లన్నిట్నీ కంపెనీ గేటు కాడికి తోలుకెళ్ళి నిలబెడతన్నాం. దొడ్లోళ్ళందరూ ఒక మాట మీదున్నారు. పోలీసులొస్తారో ఏవొస్తారో తెలీదు. నీకెందుకొచ్చిన గొడవ? వచ్చే నెల చూద్దాంలే."

వచ్చే నెలట! నాకు నెలకి ఒక్క శుక్రవారమే సెలవు. నేను బుసైతీన్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో వంటా, ఇల్లూ చూసుకుంటాను. మా ఆయన సూరిబాబు బూరీ ఊరి వెనక, ఖర్జూర తోటల పక్కన, హాజీ బాబా దొడ్డిలో ఎడ్లని మేపుతాడు. మాది కోనసీమ. ఇద్దరం గల్ఫ్‌లో ఒకే దేశంలో ఉన్నామని ఇంటి దగ్గర అందరూ అదృష్టం అంటారు. ఆ అదృష్టం నెలకి ఒక పూట. దాన్ని కూడా వదులుకోమంటే ఎలా?

పైగా ఇది మా ఇద్దరి సంగతి కూడా. బూరీ దొడ్ల వాళ్ళు ఎడ్లని మాంసం కంపెనీకి అమ్ముతారు. దాణా ధర పెరుగుతూ పోతోంది, కంపెనీ ఇచ్చే ధర మాత్రం తగ్గుతూ వస్తోంది. ఓడలో చవగ్గా మాంసం వస్తుంటే మీకెందుకు ఎక్కువ ఇవ్వాలి అంటారట. హాజీ బాబా కొడుక్కి ఈ ఎడ్ల గోల మొదటినుంచీ ఇష్టం లేదు. "ఈసారి కూడా ఆ ధరకే పోతే దొడ్డి మూసేసి గోడౌను కట్టిస్తాను" అని తేల్చి చెప్పేశాడు. దొడ్డి మూస్తే మా ఆయన వీసా ఖలాస్. ఆయన విమానం ఎక్కాలి, నేను ఇక్కడ ఒంటరిగా మిగలాలి. శుక్రవారం ఎడ్లు ఆ గేటు దాటి లోపలికి వెళ్ళాయంటే మాకు మిగిలేది అదే. ఇంత ఉంటే ఇంట్లో ఎలా కూర్చుంటాను?

పొద్దున్న ఆరు గంటలకి బయల్దేరాను. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో ఆయన కోసం పులిహోర, గోంగూర పచ్చడి. రెండోది పెద్దది, బియ్యం సంచి. దాన్నిండా పుచ్చకాయ తొక్కలు. వేసవి మొదలైందంటే నేను పని చేసే ఇంట్లో రోజుకో పుచ్చకాయ కోస్తారు. ఆ తొక్కల్ని వారం పాటు ఫ్రిజ్జు కింది అరలో దాస్తాను. మా పెద్దావిడ మొదట్లో ముక్కు మూసుకునేది. ఇప్పుడు తనే "ఎడ్లకి పెట్టు" అని తొక్క తీసి నా చేతికిస్తుంది.

ఆ తొక్కల గురించి ఇంకో మాట చెప్పాలి. దొడ్డికి వెళ్ళినప్పుడు నేను గోడ దగ్గర నిలబడి "దా దా దా నాయనా" అని పిలుస్తాను. ఎక్కడున్న ఎడ్లూ పరుగెత్తుకొస్తాయి. దూడలప్పుడు ఓడ దిగి వచ్చిన దగ్గర్నుంచి అవి విన్నది మా తెలుగే. ఆ వరస దొడ్లన్నిట్లో పని చేసేది మన వాళ్ళే. మొదట జగిత్యాల మనిషి మల్లేశం వచ్చాడు, తరవాత అతను చెప్పగా మా ఆయన, ఆయన చెప్పగా ఇంకొకరు. "పా" అంటే నడుస్తాయి, "ఆగు" అంటే ఆగుతాయి. యజమాని అరబ్బీలో ఎంత అరిచినా చెవి కూడా కదపవు.

బుసైతీన్ నుంచి బస్సు ఆరున్నరకి వచ్చింది. శుక్రవారం బస్సులు తక్కువ, ముందే వెళ్ళి నిలబడటం మంచిది. కార్డు ఉంటే ఆనించండి, లేకపోతే మూడు వందల ఫిల్సులు చిల్లర పట్టుకోండి. డ్రైవరు నోటు మార్చడు. ఆడవాళ్ళకి ముందు సీట్లు. నా సంచి చూసి డ్రైవరు "సామాన్ పీఛే" అన్నాడు. "ఇది సామాన్ కాదు భాయ్, నాస్తా" అన్నాను. అతను సంచిలోకి తొంగి చూసి నవ్వి వదిలేశాడు.

వంతెన దాటుతుంటే సముద్రం రెండు పక్కలా పలచగా, పచ్చగా ఉంది. ఇన్నేళ్ళయినా ఈ వంతెన మీద నేను ఎవరితోనూ మాట్లాడను. చూస్తూ కూర్చుంటాను.

మనామా బస్టాండులో దిగేసరికి ఏడు దాటింది. అక్కడ మహూజ్‌లో పని చేసే సీతమ్మ కనపడింది. మాది ఒకే మండలం, ఆవిడ గుడికి వెళ్తోంది. పక్క సందులోని మలయాళీ హోటల్లో చెరో కరక్ చాయ్, పరాటా తీసుకున్నాం. టీ వంద ఫిల్సులు. పరాటా వేడిగా ఉంటుంది కానీ నూనె ఎక్కువ, కాగితంతో ఒత్తుకుని తినాలి. హామద్ టౌన్ వైపు వెళ్ళేవాళ్ళు ఇక్కడే తినేయండి, దారిలో ఇంకేమీ దొరకదు.

సంగతంతా చెప్పాను. సీతమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది.

"నీకేవన్నా మతి పోయిందా రత్నం? అది ఆళ్ళ దేశం, ఆళ్ళ ఎడ్లు, ఆళ్ళ కంపెనీ. మధ్యలో నువ్వెవరు?"

"ఆ ఎడ్ల పేడ ఎత్తేది మా ఆయన. అదీ నేను."

"నీ నోటికో దణ్ణం తల్లీ" అని నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చింది. ఆ తరవాత గొంతు తగ్గించి, "ఏవైనా అయితే ఫోన్ చెయ్యి. గుళ్ళో ఉన్నా ఎత్తుతాను" అంది.

బస్టాండులో బోర్డులు చదువుకుని నా బస్సు నేనే చూసుకున్నాను. నలభై ఏళ్ళు దాటాక అక్షరాలు దిద్దాను. ముందు తెలుగు, ఇక్కడికొచ్చాక ఇంగ్లీషులో ఊళ్ళ పేర్లు. ఇదివరకు బస్సు రంగు చూసి ఎక్కి, ఎవరో ఒకరిని అడుగుతూ కూర్చునేదాన్ని. అన్ని బస్సులూ ఎర్రగా ఉండే దేశంలో అది చాలా కష్టమైన పని.

బూరీ మీదుగా వెళ్ళే హామద్ టౌన్ బస్సు ఎనిమిదింపావుకి కదిలింది. నా వెనక సీట్లో సిత్రా లేబర్ క్యాంపులో ఉండే నిజామాబాద్ అబ్బాయి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. హామద్ టౌన్‌లో వాళ్ళ బావ ఉన్నాడట, కలవడానికి వెళ్తున్నాడు.

"గీ సంచిల ఏందక్కా? వాసనొస్తున్నది."

"ఎడ్లకి పుచ్చతొక్కలు, తమ్ముడూ."

"దుబాయిల ఎడ్లేందక్కా?" అని ఆశ్చర్యపోయాడు. వాళ్ళ వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. చెప్పాను. విన్నాడు. తరవాత మెల్లగా అన్నాడు. "కోతకు పోయే ఎడ్లకు మనోళ్ళు మేత ఏస్తున్నరా? పాపం గాదా అక్కా?"

నన్ను ఈ ప్రశ్న చాలామంది అడిగారు. మేం తినం. ఆయన తినడు, నేను తినను. ఎడ్లు వెళ్ళిపోయిన రోజు ఆయన అన్నం కూడా సరిగ్గా తినడు. కానీ ఆ పనే మా పిల్లల్ని చదివించింది. దాన్ని దాచుకోను.

"పాపం సంగతి దేవుడు చూసుకుంటాడు తమ్ముడూ. ఈ కంపెనీ వాళ్ళు ఏం చేస్తారో తెలుసా? పొద్దున్నే ఎడ్లని రప్పించుకుంటారు. నీళ్ళు పెట్టరు. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టి అప్పుడు తూస్తారు. ఎండి, బరువు తగ్గి ఉంటాయి కదా. ఆ తగ్గిన బరువుకే డబ్బు. అది పాపమని మాత్రం నాకు గట్టిగా తెలుసు."

"అరె, గట్లనా!" అన్నాడు. "మా క్యాంపుల గూడ గంతే. ఓవర్‌టైం అయిపోయినంక వచ్చి గంటలు రాస్తరు." నేను దిగేటప్పుడు నా పెద్ద సంచి అతనే కిందికి దింపి, "గట్టిగుండు అక్కా" అన్నాడు.

బూరీ మలుపు దగ్గర దిగేసరికి తొమ్మిది అవుతోంది. అక్కడ నీడ లేదు, గొడుగు తప్పదు. స్టాపు నుంచి దొడ్లకి చుట్టుదారి ఉంది కానీ ఎండలో చాలా దూరం నడవాలి. అందుకని నేనెప్పుడూ అడ్డదారిన వెళ్తాను. మెయిన్ రోడ్డు మీద మాంసం కంపెనీ వెనక గేటు ఉంది. యార్డులోంచి నేరుగా నడిస్తే ముందు గేటు వస్తుంది. అక్కడినుంచి దొడ్ల సందు. నేపాలీ వాచ్‌మన్‌కి నేను తెలుసు. ఒకసారి వాడికి గోంగూర పెట్టాను. ఆ రోజూ "సలాం దీదీ" అని గేటు తెరిచాడు. ముందు గేటు దగ్గర అంత గొడవ జరుగుతున్నా వాడికేం పట్టలేదు. నాకూ ఆ క్షణంలో ఏం తోచలేదు, అలవాటు కొద్దీ నడిచేశాను.

యార్డు ఖాళీగా ఉంది. ఒక పక్క ఇనప కమ్ముల వరస, దాని చివర తూకం బల్ల. ముందు గేటు బార్లా తెరిచి ఉంది. గేటుకి అవతల, సందు నిండా ఎడ్లు. మూడు దొడ్ల ఎడ్లు ఒకే చోట ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. వాటి మధ్య యజమానులు తెల్లటి పొడుగు అంగీల్లో నిలబడి ఉన్నారు. హాజీ బాబా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతికర్ర మీద గడ్డం ఆనించాడు. ఖర్జూర మట్టలకి అట్టలు కట్టి అరబ్బీలో ఏవో రాశారు. ఒక అట్ట మీద మాత్రం మల్లేశం తెలుగులో రాశాడు: "నీళ్లు తాగిన ఎద్దునే తూచాలె." కంపెనీ వాళ్ళెవరూ దాన్ని చదవలేరు. నేను చదివాను. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది.

తరవాత తెలిసింది ఏమిటంటే, నేను రాకముందు గంట సేపు అక్కడ పెద్ద తమాషా జరిగింది. మేనేజరు బయటికొచ్చి, పాత ధరకి ఒక్క ఫిల్సు కూడా పెంచనన్నాడట. హాజీ బాబా కొడుకు కారు దిగకుండానే "సరే, కానివ్వండి, తోలుకెళ్ళండి" అన్నాడట. కంపెనీ కూలీలు ఆరుగురు వచ్చి తాళ్ళు పట్టి లాగారు. ఒక్క ఎద్దూ కదల్లేదు. వాళ్ళు తోశారు, ఈల వేశారు, "యల్లా యల్లా" అని గొంతులు చించుకున్నారు. మా ఆయనా, మల్లేశం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. శుక్రవారం ప్రార్థన వేళకి గేటు మూసేస్తారు. అప్పటిదాకా ఎడ్లు బయటే ఉంటే ఆ వారం కంపెనీకి కోత లేదు. అంటే మన వాళ్ళు చేయాల్సిందల్లా నోరు మూసుకుని నిలబడటం. అంతే. ధర్నా మొత్తం మన వాళ్ళ మౌనం మీద నిలబడింది.

ఇది నాకు తెలీదు. యార్డు మధ్యలో నిలబడి, ఎడ్ల మధ్య మా ఆయన తలపాగా చూసి, సంతోషం పట్టలేక ఎప్పటిలాగే అరిచాను.

"మావా! వచ్చేశాను! దా దా దా నాయనా!"

ఎడ్లన్నీ ఒక్కసారి తలలెత్తాయి.

అన్నిటికన్నా ముందు పెద్దోడు కదిలాడు. ఎర్రటి ఎద్దు, మా ఆయన పెట్టిన పేరు. చేతి మీద పెరిగింది, నా తొక్కల్లో మొదటి ముక్క ఎప్పుడూ దానిదే. కూలీలు ఆరుగురు లాగినా అంగుళం జరగనిది, కూలీల్ని పక్కకి తోసుకుంటూ గేట్లోకి నడిచి వచ్చింది. దాని వెనక ఇంకో రెండు. వాటి వెనక సందంతా కదలడం మొదలుపెట్టింది.

"ఓసి నీ తల్లీ! నువ్వెందుకొచ్చేవే ఇప్పుడు!" అని మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"అక్కా! నోరు మూస్కో అక్కా! పిలువకు!" మల్లేశం అట్ట పడేసి, వెనకున్న ఎడ్లకి అడ్డం పడ్డాడు. "ఆగు! ఆగు! ఓ కొడుకా, ఆగు!" అవి ఆగాయి. లోపలికొచ్చిన మూడూ మాత్రం ఆగలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చి సంచిలో మూతి పెట్టాయి.

అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. మా ఆయన ఉద్యోగం నిలబెట్టడానికి వచ్చి, నా నోటితో నేనే దాన్ని గేట్లోకి తోలాను.

మేనేజరు పరుగున వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో కార్డు, ముఖం నిండా నవ్వు. హిందీలో "శుక్రియా అమ్మా! చాలా మంచి పని చేశావు. మిగతా వాటిని కూడా పిలువు. నీకు బక్షీస్ ఇస్తాను" అన్నాడు. తరవాత వెనక్కి తిరిగి కూలీలతో, ఈ మూడింటినీ కమ్ముల్లోకి నెట్టమన్నాడు. కారులోంచి హాజీ బాబా కొడుకు దిగాడు. "సూరీ! మూడు లోపలికి పోయాయి. ఇంకేముంది? మిగతావి కూడా తోలు. యల్లా. ఈ రోజుతో ఖలాస్" అన్నాడు.

మా ఆయన కదల్లేదు. ఆ మనిషి సంగతి నాకు తెలుసు. యజమాని మాటకి ఎదురు చెప్పి ఎరగడు. తలవంచుకుని నిలబడ్డాడు కానీ నోరు తెరవలేదు. "పా" అన్న ఒక్క మాట చాలు, అంతా అయిపోయేది. ఆ మాట ఆయన అనలేదు.

నేను చేసిందాన్ని నేనే తిప్పాలి అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. సంచి పైకెత్తి నెత్తిన పెట్టుకుని, పెద్దోడి పక్కనుంచి దూరి గేటు వైపు నడిచాను. మేనేజరు "ఏయ్, ఎక్కడికి?" అని నా దారికి అడ్డం వచ్చాడు.

"బయటికి. నా సంచి, నా తొక్కలు. ఎక్కడ పెట్టాలో నా ఇష్టం."

"నువ్వు పిలిచావంటే నీ మొగుడి వీసా ఉండదు, చూసుకో!"

"ఇవి లోపలుంటే ఎలాగూ ఉండదు సార్" అన్నాను. "దానికి భయపడే పని ఇంక నాకు లేదు."

ఆ మాట హిందీలో అనగలిగానా, తెలుగులోనే అనేశానా ఇప్పుడు గుర్తు లేదు. అతనికి మాత్రం బాగానే అర్థమైంది. ముందు గేటు మూయమని అక్కడి వాచ్‌మన్ మీద కేకేశాడు. అది పట్టాల మీద జరిగే గేటు. కానీ అప్పటికే పెద్దోడు నా వెనకే తిరిగి, సంచి మీద కళ్ళు పెట్టుకుని, సరిగ్గా పట్టాల మీద అడ్డంగా నిలబడ్డాడు. దాన్ని తోసి గేటు మూసే మొనగాడు ఆ కంపెనీలో లేడు.

నేను సందులోకి వచ్చి, ఎడ్ల అవతలికి, దొడ్ల దారి మొదటికి వెళ్ళాను. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. కడుపులోంచి పిలిచాను.

"దా దా దా నాయనా! దా పెద్దోడా! ఇంటికి దా!"

మూడూ బయటికొచ్చాయి. మిగతావి కూడా తలలు నా వైపు తిప్పాయి. కొడుకు కోపంతో ఊగిపోతూ తండ్రి దగ్గరికెళ్ళి ఏదో అరిచాడు. అప్పటిదాకా కుర్చీలో కదలకుండా కూర్చున్న హాజీ బాబా తల ఎత్తి మా ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగాడు.

"సూరీ, ఇవి పొద్దున్నించీ నీళ్ళు తాగాయా?"

"లేదు బాబా."

ముసలాయన కర్ర నేల మీద ఆనించి లేచాడు. "అయితే ఇంటికి తోలు. ముందు నీళ్ళు తాగాలి. ధర మాట తరవాత." కొడుకు మళ్ళీ నోరు తెరవబోతే కర్ర ఎత్తాడు. "దొడ్డి నాది. నేను బతికుండగా మూసేది లేదు."

మిగతా యజమానులు చప్పట్లు కొట్టారు. ఒకాయన ఈల వేశాడు. మల్లేశం తన అట్ట మళ్ళీ పైకెత్తి "పా! పా! పా!" అని కేక పెట్టాడు. మూడు దొడ్ల ఎడ్లూ కదిలాయి. ముందు నేను, నెత్తిన సంచి. నా వెనక పెద్దోడు. దాని వెనక సందు పట్టకుండా మిగతా మంద. అన్నిటి వెనక, హారన్ కొట్టే ధైర్యం లేక, పేడ మీదుగా పాకుతూ హాజీ కొడుకు తెల్ల కారు. పోలీసు బండి ఒకటి సందు చివర ఆగి ఉంది. లోపలి అబ్బాయి అద్దం దించి చూశాడు, ఫోను తీసి వీడియో పట్టుకున్నాడు, నవ్వాడు. మేం దాటి వెళ్ళిపోయాం.

దొడ్డి చేరేసరికి పదకొండు. తొట్లలో నీళ్ళు నింపారు. అన్ని ఎడ్లూ ఒకేసారి నీళ్ళు తాగే చప్పుడు మీరు విన్నారో లేదో, నేను విన్నాను. మసీదు నుంచి బాంగు వినపడే దాకా అవి తాగుతూనే ఉన్నాయి. తొక్కలు మొదట పెద్దోడికి, తరవాత అందరికీ. ఎవరికీ సరిపోలేదు.

మా ఆయనకి పులిహోర ప్లేట్లో పెట్టి ఇస్తే తింటూ అన్నాడు.

"రావొద్దన్నాను గదంటే."

"వచ్చేను గదా."

"మొత్తం ముంచేసేదానివి."

"తేల్చేను గదా."

మల్లేశం పక్కనుంచి అందుకున్నాడు. "బావా, అక్కను కంపెనీల పెట్టిచ్చిన్రనుకో, మన గతి ఇంక అంతే! లారీలు గూడ అక్కర్లే, మైకుల పిలిస్తే సాలు!" మా ఆయన నవ్వు ఆపుకోలేక పొలమారి, అన్నమంతా కక్కినంత పని చేశాడు. గోంగూర సీసా మల్లేశం సగం ఖాళీ చేశాడు. వెళ్ళేవాళ్ళు పచ్చడి రెండు సీసాలు పట్టుకెళ్ళడం మంచిది.

అక్కడ రాత్రి ఉండే వీలు లేదు. పనివాళ్ళ గది ఒకటే, ఆడవాళ్ళని ఉండనివ్వరు, నేను కూడా ఏడు లోపల ఇల్లు చేరాలి. నాలుగు గంటలకి ఎండ కాస్త తగ్గాక మా ఆయన బూరీ మలుపు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. ఈసారి చుట్టుదారినే నడిచాం. ఆ యార్డులోంచి నేను ఇంక వెళ్ళను. దూరమైనా ఎండైనా సరే, మీరు కూడా చుట్టుదారే పట్టండి.

స్టాపు దగ్గర ఆయన అడిగాడు. "హాజీ బాబా ఇయ్యాల అన్నాడు. రేపు కొడుకు మాట వినేస్తే?"

"అప్పుడు మళ్ళీ వస్తాను."

"నెలకొక్క సెలవే గదే నీకు."

"అడుగుతాను. ఇవ్వకపోతే మళ్ళీ అడుగుతాను." ఇన్నేళ్ళలో మా పెద్దావిణ్ణి నేను ఏదీ అడగలేదు. అడిగితే ఏమవుతుందో ఆ రోజు పొద్దున్న దాకా నాకు తెలీదు.

నాలుగున్నర బస్సు ఐదుకి వచ్చింది. ఖాళీగా ఉంది, కిటికీ సీటు దొరికింది. మనామాలో బస్సు మారేటప్పుడు సీతమ్మకి ఫోన్ చేసి బతికే ఉన్నానని చెప్పాను. "దేవుడా" అంది. "ఇంతకీ ఎడ్లు?" అని అడిగింది. "నీళ్ళు తాగాయి" అన్నాను.

బుసైతీన్ బస్సు వంతెన ఎక్కుతుండగా మా ఆయన వాయిస్ వచ్చింది. వెనకాల ఎడ్ల మెడల గంటలు వినపడుతున్నాయి. "రత్నం, ఇందాకే కంపెనీ నించి హాజీ బాబాకి ఫోన్ వచ్చింది. తూకం బండి ఆళ్ళే దొడ్డి కాడికి తెత్తారంట. నీళ్ళు తాగేకే తూత్తారంట. ధర సంగతి కూర్చుని మాట్లాడదాం అన్నారంట. ముందు రండి, తరవాత చూద్దాం అన్నాడు బాబా. కొడుకు నోరెత్తలేదు." మళ్ళీ ఆయన గొంతు. "వచ్చే శుక్రవారం సెలవడుగు. పెద్దోడు గోడ కాడే నిలబడి ఉన్నాడు."

ధర ఇంకా రాలేదు. రేపు ఏమవుతుందో ఎవరికీ తెలీదు. కానీ ఈ దేశంలో ఇన్నేళ్ళు తల వంచుకుని తిరిగిన దాన్ని, ఒక మందని వెంటబెట్టుకుని నడిరోడ్డు మీద తలెత్తి నడిచాను. ఆ నడక ఇప్పుడు నా కాళ్ళకి అలవాటైపోయింది.

ఎప్పుడూ వంతెన మీద ఎవరితోనూ మాట్లాడనని చెప్పాను కదా. ఆ సాయంత్రం మాట్లాడాను. పక్క సీట్లో కూర్చున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి నా ఖాళీ సంచి వాసనకి ముక్కు మూసుకుంది. నేను సంచి మడిచి ఒళ్ళో పెట్టుకుని, "పుచ్చకాయ తింటావా మీ ఇంట్లో?" అని అడిగాను. తింటామంది.

"తొక్కలు పారెయ్యకు" అన్నాను. "నాకు కావాలి."